పాటకు పత్రిక పెట్టిందెవరు?

తెలుగులో పత్రికలు నడిపిన పెద్ద సంస్థలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆంధ్రపత్రిక, ఎక్స్‌ప్రెస్ వారి ఆంధ్రప్రభ, విజయా వారు, ఆంధ్రజ్యోతి, ఈనాడు, స్వాతి. కథకూ నవలకూ పత్రిక పెట్టారు, పిల్లలకూ ఆడవాళ్లకూ పెట్టారు. సినిమాకైతే పోటీపడి పెట్టారు. రామోజీరావు 1969లోనే రైతు కోసం ‘అన్నదాత’ తెచ్చారు. పాట వినని తెలుగిల్లు లేదు కాబట్టి సంగీతానికీ ఈ సంస్థల్లో ఏదో ఒకటి పత్రిక పెట్టే ఉంటుందని అనుకుంటాం. వెదికితే దొరకదు. పాటకు పత్రిక పెట్టినవాళ్లు వేరేవాళ్లు. ఒక టీకా మందుల కంపెనీ యజమాని, కాకినాడలో ఒక సంగీత కుటుంబం, మద్రాసులో సభలవాళ్లు.

ఇలా ఎందుకు జరిగిందో చూడటానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మంచి చోటు. ఈ మూడు ఊళ్లూ తెలుగునేల అంచున ఉన్నాయి. కుప్పం మద్రాసు-బెంగళూరు రైలు దారిలో ఉన్న ఊరు. అక్కడి మనిషికి తెలుగు పత్రిక ఎంత అందుబాటులో ఉంటుందో తమిళ, కన్నడ పత్రికలూ అంతే. ఏ భాష పత్రిక సంగీతానికి ఎన్ని పేజీలు ఇస్తుందో పక్కపక్కన పెట్టి చూసుకోగలిగిన పాఠకుడు అతడు.

మదనపల్లెలో రాసుకున్న స్వరం

మదనపల్లె కాలేజీని 1915లో అనిబిసెంట్ స్థాపించారు. ఆమె నడిపిన దివ్యజ్ఞాన సమాజం అప్పటికి దక్షిణాదిలో పెద్ద ప్రచురణ సంస్థ కూడా. 1879 నుంచి ‘థియాసఫిస్ట్’ మాసపత్రిక వస్తోంది. 1914 నుంచి ‘న్యూ ఇండియా’ దినపత్రిక, ‘కామన్‌వీల్’ వారపత్రిక ఆమె చేతిలో ఉన్నాయి. 1918లో ఆ వర్గం స్త్రీలే ‘స్త్రీధర్మ’ మొదలుపెట్టారు. మతానికి, రాజకీయానికి, స్త్రీల హక్కులకు తలా ఒక పత్రిక ఉంది.

1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథ్ టాగూరు మదనపల్లె వచ్చి కాలేజీలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతంలో పట్టా పుచ్చుకున్న మనిషి. టాగూరు ‘జనగణమన’ పాడి వినిపిస్తే ఆమె ఆ వరసను పాశ్చాత్య స్వరలిపిలో రాసుకున్నారు. ఇంగ్లీషు అనువాదాన్ని ఫిబ్రవరి 28 తేదీతో టాగూరు స్వయంగా రాసిచ్చారు. ఈ కథ ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పత్రికల వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ పాటను 1911 డిసెంబరు 27న కలకత్తాలో మొదటిసారి పాడారు. మరుసటి నెలలోనే బ్రహ్మసమాజం వారి ‘తత్వబోధినీ పత్రిక’లో దాని మాటలు అచ్చయ్యాయి. పత్రిక చదివినవాడికి పాట అర్థం తెలుస్తుంది, పాడటం తెలియదు. పాడాలంటే పాడే మనిషి ఊరికి రావాలి, విని రాసుకోగలిగిన మనిషి ఆ ఊళ్లో ఉండాలి. 1919లో మదనపల్లెకు ఆ రెండూ కుదిరాయి.

టాగూరు ఇంటివాళ్లకు పత్రికలో స్వరాలు అచ్చువేయడం కొత్తేమీ కాదు. అన్నగారు జ్యోతిరింద్రనాథ్ 1897లోనే ‘వీణావాదిని’ అనే మాసపత్రికకు సంపాదకుడు. దాన్ని ప్రచురించింది కలకత్తాలో హార్మోనియాలు చేసి అమ్మే ద్వార్కిన్ కంపెనీ. ఆ తర్వాత ఆయనే ‘సంగీత ప్రకాశిక’ నడిపారు. 1913లో అదే కుటుంబంలోని ఆడవాళ్లు ‘ఆనంద సంగీత పత్రిక’ తెచ్చారు. వాద్యం అమ్మేవాడికి స్వరం అచ్చువేయడం దండగ ఖర్చు కాదు. పెట్టె కొన్నవాడికి వాయించడానికి ఏదో ఒకటి కావాలి కదా.

పాట అమ్మేవాళ్లు, పత్రిక అమ్మేవాళ్లు

ప్రపంచంలో సంగీత పత్రికలు పెట్టినవాళ్లను స్థూలంగా రెండు జాతులుగా విడదీయవచ్చు. ఒకరు సంగీతంతోనే బతికేవాళ్లు. లండన్‌లో ‘మ్యూజికల్ టైమ్స్’ను 1844లో మొదలుపెట్టిన నొవెల్లో సంస్థ పాటల కాగితాలు అచ్చువేసి అమ్మే సంస్థ. బృందగానం చేసే చర్చి గాయకులు పత్రిక కొని, అందులో వచ్చిన పాటను పాడుకునేవాళ్లు. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది.

రెండో జాతి పత్రికలు అమ్మి బతికేవాళ్లు. వాళ్లకు సంగీతం వందలో ఒక సరుకు. బ్రిటన్‌లో ఐపీసీ సంస్థ చేతిలో ‘మెలొడీ మేకర్’, ‘ఎన్ఎంఈ’ రెండూ ఉండేవి. మొదటిది 1926లో పుట్టింది, రెండోది 1952లో. అమ్మకాలు తగ్గగానే 2000లో మొదటిదాన్ని రెండోదానిలో కలిపేశారు. 2018లో ఎన్ఎంఈ అచ్చు కూడా ఆగింది. పోటీదారు ఈమ్యాప్ కుర్రకారు కోసం ‘స్మాష్ హిట్స్’, పెద్దల కోసం ‘క్యూ’, ‘మోజో’ నడిపింది. 2008లో ఆ పత్రికల వ్యాపారమంతా జర్మనీకి చెందిన బావర్ చేతికి వెళ్లింది. స్మాష్ హిట్స్ అంతకుముందే, 2006లోనే మూతపడింది. క్యూ 2020లో ఆగిపోయింది. అమెరికాలో ‘రోలింగ్ స్టోన్’ 1967లో పెట్టిన యజమాని చేతిని దాటి పెన్స్కీ సంస్థకు చేరింది. ‘బిల్‌బోర్డ్’ కూడా ఇప్పుడు ఆ గూటిలోనే ఉంది.

పెద్ద సంస్థ చేతిలో పత్రికకు కాగితం, రంగులు, పంపిణీ అన్నీ దొరుకుతాయి. లాభం తగ్గిన ఏడాది దాన్ని వెనకేసుకొచ్చేవాడు మాత్రం దొరకడు. ‘గ్రామఫోన్’ పత్రిక 1923లో పుట్టి, చేతులు మారుతూ కూడా నేటికీ బతికే ఉంది. ఎందుకంటే దాన్ని కొనేవాడు రికార్డులు కూడబెట్టేవాడు. ఏ రికార్డు కొనాలో అతడికి ఆ పత్రిక చెప్పాలి. పాఠకుడికి పత్రికతో పని పడినంత కాలం యజమాని ఎవరైనా నడుస్తుంది.

మనదేశంలో దీనికి మంచి సాక్ష్యం ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్. అక్కడ ప్రభులాల్ గర్గ్ 1930లలో ‘సంగీత్ కార్యాలయ్’ పెట్టి, 1935 నుంచి ‘సంగీత్’ అనే హిందీ మాసపత్రిక తెచ్చారు. ఆయనే కాకా హాథ్రసీ పేరుతో హిందీలో పేరుమోసిన హాస్యకవి. సంగీతం నేర్చుకునేవాళ్లకు పాఠ్యపుస్తకాలు, స్వరపుస్తకాలు ఆయన సంస్థ ప్రధాన వ్యాపారం. పత్రిక ఆ పుస్తకాలకు తోడు. ఢిల్లీ పెద్ద సంస్థలేవీ చేయని పనిని ఒక చిన్న ఊరి ప్రచురణకర్త తరాల తరబడి చేయగలిగాడు.

మద్రాసు దిగి వెళ్లిన వారపత్రికలు

కుప్పం పాఠకుడు పక్కపక్కన పెట్టి చూడగలడని అన్నది ఇందుకే. తమిళంలో సంగీతాన్ని మోసింది పెద్ద వారపత్రికలే. ‘ఆనంద వికటన్’లో కల్కి కృష్ణమూర్తి ‘కర్ణాటకం’ అనే మారుపేరుతో కచేరీల మీద రాసేవారు. ఆయన, సదాశివం కలిసి 1941లో ‘కల్కి’ వారపత్రిక పెట్టారు. దానికి పెట్టుబడి సదాశివం భార్య ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘సావిత్రి’ సినిమాలో నారదుడి వేషం వేసి తెచ్చిన డబ్బు. అంటే ఒక గాయని పాటమీద పుట్టిన వారపత్రిక అది. తర్వాత సుబ్బుడు వంటివారు వచ్చారు. విమర్శకుడు ఏం రాశాడోనని విద్వాంసులు జంకే రోజులు కూడా నడిచాయి.

తెలుగు వారపత్రికల్లో అలాంటి విమర్శకుడు ఎందుకు నిలదొక్కుకోలేదు? మనకు విద్వాంసులు కరువై కాదు. పుంగనూరులో 1898లో పుట్టిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై కాంచీపురం నయనా పిళ్లై దగ్గర చేరి, ఆ బాణీకి పేరు తెచ్చారు. 1954లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. తిరుపతి సంగీత కళాశాలకు ఆయన ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. కారణం, నా లెక్కన, భూగోళం. కచేరీ విమర్శకు కచేరీలు కావాలి. 1927లో మొదలైన మద్రాసు డిసెంబరు ఉత్సవం ఏడాదికోసారి వందల కచేరీలను ఒక్క ఊళ్లో పోగుచేస్తుంది. తమిళ పత్రిక ఆఫీసు ఆ సభలకు బస్సు దూరంలో ఉంది. తెలుగు పత్రికలూ మొదట అక్కడే ఉండేవి. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రిక. ఆంధ్రప్రభ 1938లో అక్కడే పుట్టింది. రాష్ట్రం ఏర్పడ్డాక అవి ఒక్కొక్కటే బయలుదేరాయి. ఆంధ్రప్రభ 1959లో మద్రాసు వదిలి, మన చిత్తూరు మీదుగా విజయవాడ చేరింది. రాష్ట్రం దక్కింది కానీ, ఏటా నెలరోజుల పాటు సంపాదకుడి గుమ్మం ముందు జరిగే సంగీతం దూరమైంది. విజయవాడలో, హైదరాబాదులో సభలు లేక కాదు. ఒక పత్రిక ప్రత్యేక సంచిక వేసేంత ఒత్తిడి అక్కడ పుట్టలేదు.

సినిమా గూటిలో పాట

మన పెద్ద సంస్థలు పాటను వదిలేశాయని చెప్పడం అన్యాయం. సినిమా సంచిలో పెట్టి తెచ్చాయి. మన సీమవాడు, విజయా వారి బి. నాగిరెడ్డి ‘చందమామ’ను 1947లో, ‘విజయచిత్ర’ను 1966లో తెచ్చారు. రావి కొండలరావు విజయచిత్రను ఏళ్ల తరబడి చూసుకున్నారు. సినిమా తీసేవాడే సినిమా పత్రిక యజమాని కావడంతో రికార్డింగు గది తలుపు పత్రికకు తెరిచే ఉండేది. అయితే ఆ పత్రికకు పాట సినిమాలో భాగమే. సినిమా ఆడినంత కాలమే పాట గురించి మాట. ఈనాడు వారి ‘సితార’, ఆంధ్రజ్యోతి గూటి నుంచి వచ్చిన ‘జ్యోతిచిత్ర’ కూడా ఈ దారిలోనివే. స్వాతి కథల వైపు నిలబడింది. దాని సంగతి ఇక్కడ పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

వీటన్నిటికంటే ఎక్కువ చేతుల్లో తిరిగింది పత్రిక అని ఎవరూ అనని పాటల పుస్తకం. నిర్మాత అచ్చువేయించి హాలు దగ్గర అమ్మించిన ఆ చిన్న పుస్తకంలో సగం కథ ఉంటుంది, మిగతాది వెండితెర మీద చూడమంటుంది. ఆ తర్వాత వరసగా పాటలు. తర్వాతి రోజుల్లో అవే పాటలు సంకలనాలుగా బస్టాండుల్లో, సంతల్లో దొరికేవి. మదనపల్లె టాకీసులో ఆట చూసి బయటికి వచ్చినవాడు ఆ పుస్తకం కొన్నది పాడుకోవడానికే. బ్రిటన్‌లో స్మాష్ హిట్స్ లక్షల్లో అమ్ముడుపోయింది కూడా పాటల సాహిత్యం అచ్చువేసినందుకే. ఆ గిరాకీని అక్కడ పత్రికల సంస్థ పసిగట్టి పేజీల్లోకి తెచ్చుకుంది. ఇక్కడ సినిమా పత్రికలు తారల ఫొటోలకు పేజీలిచ్చి, పాటను హాలు దగ్గర కుర్రాడికి వదిలేశాయి.

ఈనాడు సంస్థ పాటపట్ల తన శ్రద్ధనంతా చివరికి తెరమీదికి తీసుకువెళ్లింది. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన ‘పాడుతా తీయగా’లో పాడినవాడి తప్పును అక్కడికక్కడే, నొప్పించకుండా చెప్పేవారు. శ్రుతి ఎక్కడ జారింది, పదం ఎక్కడ విరిగింది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి. ఒక సంగీత పత్రిక వారం వారం చేయవలసిన పని సరిగ్గా అదే. నేర్చుకునే శ్రోత తెలుగునాట ఎంతమంది ఉన్నారో ఆ కార్యక్రమం చూపించింది. ఆ శ్రోతను పాఠకుడిగా చేసుకుందామని మాత్రం ఏ సంస్థా పూనుకోలేదు.

మందుల డబ్బు, పాటల పేజీ

తెలుగు పత్రికల్లో సంగీతానికి చోటిచ్చిన ఇద్దరు యజమానులు మందుల వ్యాపారులు కావడం నాకు తమాషాగా తోస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారుచేసి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి ప్రచారం చేశారని ప్రతీతి. ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక, 1924లో ‘భారతి’ వచ్చాయి. 1991 దాకా నడిచిన భారతిలో సంగీతం సాహిత్యానికి తోబుట్టువులా వచ్చేది. వాగ్గేయకారుల కాలనిర్ణయం, పదాల పాఠాంతరాలు, రాగాల పుట్టుపూర్వోత్తరాలు. పండితుడికి పండగే. ఫిడేలు పట్టుకున్న పిల్లవాడికి అందులో పెద్దగా పనిలేదు.

రెండోది ‘హాసం’. షాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో మనదేశపు హెపటైటిస్-బి టీకాను తెచ్చిన వరప్రసాదరెడ్డి 2001లో హైదరాబాదు నుంచి ఈ పక్షపత్రికను మొదలుపెట్టారు. రాజా సంపాదకుడు, ఎంబీయస్ ప్రసాద్ మేనేజింగ్ ఎడిటర్. సగం హాస్యం, సగం సంగీతం. హాథ్రస్ హాస్యకవి ఒకే కప్పు కింద పెట్టిన రెండింటినీ వీళ్లు ఒకే అట్ట కింద పెట్టారు. పాత పాటను తీసుకుని దాని బాణీ ఎక్కడిది, ఏ రాగం ఛాయ, ఎవరు వాయించారు అని విప్పిచెప్పే రచనకు తెలుగులో ఒక స్థిరమైన వేదిక దొరకడం అదే మొదలు. సినిమా పాటను గాసిప్పు నుంచి బయటికి తెచ్చి, వినవలసిన వస్తువుగా నిలబెట్టిన గౌరవం హాసానిది. మూడేళ్లకు ఆగిపోయింది. హాసం ప్రచురణలు, హాసం క్లబ్బులు మిగిలాయి.

హాసం ఆగడాన్ని అభిరుచి లేని పాఠకుల తప్పుగా చెప్పడం అలవాటైంది. నేను ఒప్పుకోను. ఒక దాత డబ్బుతో నడిచే పత్రికకు దాత ఓపికే ఆయువు. ఇంగ్లీషులో పట్టాభిరామన్ 1983లో మద్రాసులో పెట్టిన ‘శ్రుతి’కీ ఇదే గండం వచ్చింది. వ్యవస్థాపకుడు పోయాక రసాయనాల వ్యాపారం చేసే సన్మార్ సంస్థ దాన్ని చేరదీసింది. శ్రుతికి మద్రాసు సభల జనం, విదేశాల్లోని శ్రోతలు వెనక ఉన్నారు. హాసాన్ని చేరదీయడానికి రెండో చెయ్యి రాలేదు.

సభలు, దేవస్థానం

మూడో రకం యజమాని సంగీత సంస్థే. మ్యూజిక్ అకాడమీ 1930 నుంచి జర్నల్ వేస్తోంది. త్యాగరాజు, క్షేత్రయ్య, శ్యామశాస్త్రి అందరూ ప్రధానంగా తెలుగులో రాసినా, వాళ్ల గురించి ఆ చర్చ సాగింది ఎక్కువగా ఇంగ్లీషులో. కాకినాడలో మునుగంటి వారు నడిపిన ‘గానకళ’ మాసపత్రిక పాఠకుడు సంగీతజ్ఞుడే అనుకుని మాట్లాడిన అరుదైన తెలుగు పత్రిక. దానికి బలం ఆ ఊరి సభా సంప్రదాయం, పరిమితి కూడా అదే. మద్రాసు ఆకాశవాణి కార్యక్రమాల పట్టికతో వచ్చిన ‘వాణి’ రేడియో శ్రోతకు చేతిపుస్తకం.

తిరుమల తిరుపతి దేవస్థానం సంగతి ప్రత్యేకం. 1949 నుంచి వస్తున్న ‘సప్తగిరి’కి డబ్బు చింత లేదు, పాఠకుల చింత అసలే లేదు. దేవస్థానానికి సంగీతం మీద ఉన్న బాధ్యతకు మూలం తాళ్లపాక అన్నమయ్య. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి. రాగం పేరు చెక్కి ఉంది, స్వరం లేదు. అయిదు వందల ఏళ్లు చెడని రేకు మీద సాహిత్యం భద్రంగా ఉంటే, దాని అసలు వరసలు మాత్రం గాలికి పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కూర్చుని కొత్తగా వరసలు కట్టి, స్వరపరచి ఇవ్వవలసి వచ్చింది. మాటను మాత్రమే అచ్చువేసే మన పత్రికలు చేసిందీ రాగిరేకు చేసిన పనే.

స్వరం అచ్చువేసిన భాషే మనది

విచిత్రమేమిటంటే దక్షిణాదిలో స్వరాలను అచ్చుకెక్కించిన లిపి ముందుగా తెలుగే. 1859లో వీణ రామానుజయ్య ‘సంగీత సర్వార్థసార సంగ్రహము’, తర్వాత మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరుల పుస్తకాల వరస, 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అన్నీ తెలుగు లిపిలోనే. ఎట్టయపురం పుస్తకానికి గమకాల గుర్తులు కూడా పోతపోయించారు. జమీందారు డబ్బు పెట్టాడు కనుక అది సాధ్యమైంది. వారపత్రిక ప్రెస్సుకు అంత తీరిక లేదు. స్వరం మీదా కిందా స్థాయి చుక్కలు, కాలాన్ని చూపే గీతలు, తాళం విరుపులు పెట్టాలి. తెలుగు అక్షరానికి తలకట్టు, గుడి పైనే ఉంటాయి. వాటి నెత్తిన చుక్క పెడితే అచ్చులో కలిసిపోతుంది. ఒక్క చుక్క జారితే పై షడ్జం మధ్య షడ్జమైపోతుంది. సీరియల్ ఒక పేజీ తగ్గించి ఈ తంటా పడమని ఏ సంపాదకుడు చెబుతాడు?

ఇప్పుడు ఆ సాకు లేదు. చుక్క పెట్టడం కంప్యూటరుకు కష్టం కాదు. పేజీ మూలలో ఒక క్యూఆర్ గుర్తు వేస్తే పాఠకుడు చదువుతూనే ఫోన్‌లో వినగలడు. 1998 నుంచి ప్రవాసాంధ్రులు నడుపుతున్న ‘ఈమాట’ ఈ దారిని ముందే చూపించింది. రాగాల మీద వ్యాసాలు, పాత రేడియో పాటలు అందులో పక్కపక్కనే దొరుకుతాయి. దాని వెనక పెద్ద సంస్థ ఏదీ లేదు.

ఈ సంస్థలన్నిటినీ వరసగా నిలబెట్టి చూస్తే నాకు తోచే తీర్పు ఇది. సంగీతాన్ని శ్రోతకు కబురుగా అందించడంలో విజయా, ఈనాడు వారిని మించినవారు లేరు. సంగీతాన్ని ఆలోచనగా అందించింది భారతి, ఆస్వాదనగా అందించింది హాసం. విద్యగా అందించడానికి ఎవరూ గట్టిగా పూనుకోలేదు. గానకళ ప్రయత్నం ఒక్కటే ఆ దిక్కుగా సాగింది. ఏళ్ల తరబడి నిలిచిన సంగీత పత్రికల్లో, లండన్‌లో అయినా హాథ్రస్‌లో అయినా, ఎక్కువ భాగం విద్య వైపు నిలబడినవే.

కాబట్టి కొత్త సంగీత పత్రిక కోసం హైదరాబాదు, విజయవాడ ఆఫీసుల వైపు చూడటం దండగ. వాళ్ల లెక్కలు వాళ్లవి. ఈ పని చేయగలవాళ్లు సంగీత విద్యార్థులు ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు. తిరుపతిలో సంగీత కళాశాల, దేవస్థానం అచ్చు వనరులు రెండూ ఉన్నాయి. కుప్పంలో 1997 నుంచి ద్రవిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, తమిళ, కన్నడ సంగీతాలను ఒకే సంచికలో పెట్టడానికి అంతకంటే తగిన చోటు లేదు. మూడు నెలలకొక సంచిక చాలు. అందులో స్వరపరిచిన నాలుగు కృతులు, తప్పులు విప్పిచెప్పే ఒక పాఠం, ఒక విద్వాంసుడి జీవితం ఉంటే చాలు. పరీక్షకు కూర్చునే విద్యార్థి, పిల్లలకు పాఠం చెప్పే టీచరు, భజన మందిరంలో హార్మోనియం పెట్టె ముందు కూర్చునే పెద్దాయన చందా కడతారు. వాళ్లు కట్టే చందా మీద నడిచే పత్రికను మూసేయాలంటే యజమాని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.